తప్పిన కుట్లు

ముప్పైనాలుగేళ్లు గూడ్సు బండి చివరి పెట్టెలో
వెనక్కి చూస్తూ ముందుకు పోయినవాణ్ణి.
ఇప్పుడు మర్రిపాలెంలో, పెరటి గడప మీద
ఎనిమిదో నంబరు సూదులు పట్టుకుని కూచున్నాను.

కుడిచేతి వేళ్లకు వణుకొచ్చాక
"వాటికేదైనా పని చెప్పండి" అన్నాడు డాక్టరు.
పని చెప్పింది మాత్రం పక్కవాటా డోరతీ ఆంటీ:
రెండు సూటి, రెండు తిరగ,
లెక్క మరిచావా, మొదటికి రా.

"ఏటి గార్డు బావూ, ఇశాపట్నంలో ఊలేటి?
సెమటకి మఫ్లరు కడతారేటి?"
చేపల తట్ట దించి నవ్వుతుంది నూకరత్నం.
నిజమే. మా ఊరి చలి
సంచి విప్పకముందే బస్సు టైము అడిగే చుట్టం.
కానీ శిమిలిగూడ చలి నాకు తెలుసు.
రాత్రి రెండింటికి సిగ్నలు లేక ఆగిన బండిలో
పట్టాల ఇనుము పళ్లలోకి పాకుతుంది.
ఆ దారిలోనే ఇప్పుడు మా విశాలి, ఇంజను మీద.
నేను వెనకనించి సాగనంపిన సొరంగాలకి
అది ముందునించి ఎదురెళ్తోంది.

డిసెంబరు నెలాఖరుకల్లా ఇచ్చేస్తానన్నాను.
పెరడు పడనివ్వలేదు.

జనవరి ఆరు, ఉదయం ఏడు నలభై.
(టైము రాసుకోకపోతే నాకు అన్నం దిగదు)
మునగ మొదట్లో ముంగిస నిలబడింది,
నోట్లో నత్త,
నావైపు చూసి, నన్ను లెక్కలోంచి కొట్టేసి,
నత్తని గచ్చుకేసి పగలగొట్టింది.
మూడు కుట్లు జారాయి.

పదమూడున జెముడుకాకి,
చెకింగుకొచ్చిన ఆఫీసరులా
చేతులు వెనక్కి కట్టుకున్న నడక.
అరటి బోదెల కింద ఏదో పట్టుబడింది,
ఏమిటో చూడ్డానికి లేచాను.
ఆ వరస వెడల్పయిపోయింది.

ఇంకొకటి ఉండేది. పేరు తెలీదు.
బూడిదరంగు వీపు, ఆగని తోక,
కుళాయి కింద తడిలో రోజూ తిరిగేది.
ఫిబ్రవరి పదకొండున రాలేదు.
పన్నెండున రాలేదు.
వెళ్లేటప్పుడు ఎవరికీ జెండా ఊపలేదు.
దాని బదులు మామిడి పూత వాసన వచ్చింది,
నుసిపురుగులు వచ్చాయి,
మధ్యాహ్నం ఊలు ఒళ్లో బరువెక్కడం మొదలైంది.

పోర్టునించి గాలి తిరిగిన రోజున
గంధంరంగు ఊలు మీద ఎర్రటి ధూళి.
ఉతికితే నీళ్లు పారాణి.
కిరండోల్ నించి అది దింపుకొచ్చిన ఖనిజమే
దాని మఫ్లరు మీద వాలిందేమో.
రెండోసారి ఉతకలేదు.

మార్చి మొదటివారం. వేప ఎర్రగా చిగిర్చింది.
విశాలి వచ్చింది, బూట్లు విప్పకుండా గడప మీదే కూలబడి
మఫ్లరు వెలుతురుకి పట్టింది.
"ఇదేంటి నాన్నా, వేలు దూరుతోంది?"
ముంగిస.
"ఇక్కడ పొట్టొచ్చింది."
జెముడుకాకి.
"మరి ఈ ముడి? గట్టిగా, రాయిలా ఉంది?"

ఉడత అందామనుకున్నాను.
ఉడతలు ఎన్నో ఉన్నాయి, ఏదో ఒకటి ఒప్పుకునేది.
"కొండచరియ పడిందని టీవీలో చెప్పారు చూడు,
నీ ఫోను కలవని రాత్రి."

అది మాట్లాడలేదు.
చెమట కారుతున్న మెడకి
రెండు చుట్లు చుట్టుకుని టీ తాగింది.
"పైన రాత్రిళ్లు ఇంకా చలే" అని
టిఫిను సంచిలో కుక్కుకుని వెళ్లిపోయింది.

మర్నాడు, ఎనిమిదీ అయిదు.
మందార వెనక బాదం మొక్కలో
రెండాకులు దగ్గరికొచ్చి ఉన్నాయి.
కళ్లద్దాలు పెట్టుకుని చూశాను.
కుట్టుపిట్ట గూడు.
సాలెపట్టు, దూదిపోగు, నడుమ ఒకచోట
గంధంరంగు ఊలు.
ఎప్పుడు పట్టుకెళ్లిందో నా పుస్తకంలో లేదు.

కుట్లు లెక్కపెట్టాను.
దొంగముండ, ఒక్కటీ తప్పలేదు.